ఐక్య అరబ్ ఎమిరేట్స్ సందర్శకులకు ప్రయాణ సమాచారం: విజిట్ వీసాపై ఉద్యోగం చట్టవిరుద్ధం

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌కు తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళేవారిలో పర్యాటకులు, వ్యాపారులు, బంధువులను చూడబోయేవారితో పాటు ఉపాధి కోరి వెళ్ళేవారు కూడా ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. సందర్శనకు ఇచ్చిన వీసా ఉద్యోగానికి చెల్లదన్న సంగతి, ఇంట నిత్యం వాడే కొన్ని వస్తువులు అక్కడ నిషిద్ధమన్న సంగతి తెలియక ప్రయాణించిన వారు జరిమానాలకు, కొన్ని సందర్భాలలో జైలు శిక్షకు గురయ్యే ప్రమాదం ఉంది. ప్రయాణానికి ముందు తెలుసుకోవలసిన ముఖ్యాంశాలు ఈ దిగువ ఇవ్వబడినవి.

దేశ పరిచయం

అబుదాబి, దుబాయి, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ కువైన్, ఫుజైరా ఎమిరేట్లు 1971 డిసెంబరు 2న సమాఖ్యగా ఏర్పడ్డాయి. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో చేరడంతో ఎమిరేట్ల సంఖ్య 7కు చేరింది. రాజధాని అబుదాబి. అధికార భాష అరబిక్ అయినప్పటికీ ఇంగ్లీషు, హిందీ భాషలతో వ్యవహారాలు నడుపుకోవచ్చు. అక్కడి కాలమానం భారత కాలమానం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. 2022 జనవరి నుండి ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట పని. షార్జాలో మాత్రం శుక్రవారం కూడా సెలవు దినమే.

పాస్‌పోర్టు, వీసా

పాస్‌పోర్టు కనీసం 6 నెలల గడువు కలిగి ఉండాలి. సందర్శకులకు సాధారణంగా 30 లేదా 60 రోజుల వీసాలు లభిస్తాయి. అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు, బ్రిటన్ లేదా ఐరోపా యూనియన్ దేశాల నివాసానుమతి కలిగిన భారతీయులు, నిర్ణీత షరతులకు లోబడి, విమానాశ్రయంలోనే 14 రోజుల వీసా పొందవచ్చు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు నమోదైన వారికి విజిట్ వీసాపై ప్రవేశం నిరాకరించే నిబంధన 2022 నవంబరులో అమలులోకి వచ్చింది. తండ్రి పేరు లేదా కుటుంబ నామం పాస్‌పోర్టు రెండవ పుటలో ఉన్నవారికి తరువాత సడలింపు ఇచ్చారు. కావున టికెట్టు కొనుటకు ముందే పాస్‌పోర్టులోని రెండు గడులను సరిచూసుకోవడం మంచిది. తిరుగు ప్రయాణపు టికెట్టు, హోటల్ బుకింగ్ లేదా ఆతిథ్యమిచ్చే బంధువుల చిరునామా, ఖర్చులకు సరిపడు ధనానికి ఆధారం దగ్గర ఉంచుకోవాలి. గడువు దాటి ఉన్న ప్రతి రోజుకు 50 దిర్హాంల జరిమానా విధిస్తారు.

విజిట్ వీసాపై ఉద్యోగం

ముందు విజిట్ వీసాపై వెళ్ళి, అక్కడ పనిలో చేరిన తరువాత వీసా మార్పించుకోవచ్చునని చెప్పే ఏజెంట్ల మాట నమ్మరాదు. ఉద్యోగ అనుమతి లేకుండా పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. అనుమతి లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానులకు విధించే జరిమానాను 2024లో 1 లక్ష నుండి 10 లక్షల దిర్హాంల వరకు పెంచారు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారికి సాధారణంగా ఈసీఆర్ తరగతి పాస్‌పోర్టు జారీ అవుతుంది. వీరు ఉద్యోగం నిమిత్తం ఎమిరేట్స్ సహా 18 దేశాలకు వెళ్ళుటకు 1983 నాటి వలసల చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి పొందవలసి ఉంటుంది. ఈ కార్యాలయం హైదరాబాదులో కలదు. సందర్శనకు వెళ్ళేవారికి ఈ అనుమతి అవసరం లేదు. ఈ వెసులుబాటునే దళారులు అవకాశంగా వాడుకుంటున్నారు.

ఈ మార్గంలో వెళ్ళిన కార్మికుడి ఉద్యోగ ఒప్పందం ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదు కాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన రక్షణ కూడా ఉండదు. ప్రమాదవశాత్తు మరణించినా, శాశ్వత వైకల్యం పొందినా 10 లక్షల రూపాయలు చెల్లించే ఈ పథకానికి ప్రీమియం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు మాత్రమే. వేతనం అందకపోయినా, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కినా, అనుమతి లేని కార్మికుడు తానే చట్టాన్ని ఉల్లంఘించినవాడు కావడం వలన ఫిర్యాదుకు జంకవలసి వస్తుంది.

రిక్రూటింగ్ ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. ఏజెంటు వసూలు చేయదగిన సేవా రుసుము జీఎస్టీ కాక గరిష్ఠంగా 30 వేల రూపాయలు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ రంగంలో విదేశీ ఉద్యోగ నియామకాలు చేపట్టే సంస్థలు.

సామాను విషయంలో జాగ్రత్తలు

గసగసాలు ఎమిరేట్స్‌లో నిషిద్ధ పదార్థం. మాంసం మసాలాలోనో, కూర పొడిలోనో కలిపి ఉన్నప్పటికీ తీసుకువెళ్ళరాదు. తమలపాకులు, పాన్ సామగ్రి కూడా నిషిద్ధమే. పరిచయస్థులు అక్కడి బంధువులకు ఇవ్వమని అప్పగించే పొట్లాలను విప్పి చూడకుండా తీసుకోరాదు. సామానులో దొరికిన వస్తువుకు దానిని మోసుకువచ్చిన ప్రయాణికుడే బాధ్యుడు.

ట్రమడాల్, కొడీన్ వంటివి ఉన్న నొప్పి, దగ్గు మందులకు, కొన్ని నిద్రమాత్రలకు అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ ముందస్తు అనుమతి అవసరం. ఇతర మందులను కూడా అసలు ప్యాకింగులోనే, వైద్యుని చీటీతో సహా, బస కాలానికి సరిపడు మేరకే ఉంచుకోవాలి.

నగదు 60 వేల దిర్హాంలకు మించినచో కస్టమ్స్ అధికారులకు తెలియజేయాలి. దిర్హాం విలువ 1997 నుండి డాలరుకు 3.6725గా స్థిరంగా ఉంది. భారతదేశం నుండి 3 వేల డాలర్ల వరకు విదేశీ నోట్లు తీసుకువెళ్ళవచ్చు. మిగిలిన మొత్తాన్ని ఫారెక్స్ కార్డు రూపంలో ఉంచుకోవచ్చు.

బస కాలంలో

విద్యుత్ ప్లగ్గులు మూడు చదరపు పిన్నుల రకానివి. దుబాయి మెట్రోలో తినడం, త్రాగడం నేరం, జరిమానా 100 దిర్హాంలు. కేటాయించిన చోట కాక ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటినా జరిమానా తప్పదు. వాహనం నడపదలచిన సందర్శకులు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను స్వస్థలంలోనే రవాణా శాఖ నుండి పొందాలి. ఇతరుల ఫోటోలను, ముఖ్యంగా మహిళల ఫోటోలను, అనుమతి లేకుండా తీయరాదు. సామాజిక మాధ్యమాలలో దూషణ సైతం అక్కడ శిక్షార్హమే. రంజాన్ మాసంలో పగటివేళ బహిరంగంగా ఆహారపానీయాలు సేవించకుండుట మర్యాద. వేసవి తీవ్రత కారణంగా జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషిద్ధం. ఆ నెలలలో సందర్శకులు సైతం ఎండ వేళలలో ఆరుబయట తిరుగుట తగ్గించుకోవాలి.

అత్యవసర సహాయం

పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపక దళం 997. అబుదాబిలో భారత రాయబార కార్యాలయం, దుబాయిలో భారత కాన్సులేట్ కలవు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని ఎమిరేట్స్‌లో 800 46342 టోల్‌ఫ్రీ నంబరుపై సంప్రదించవచ్చు. ఆపదలో ఉన్నవారి తరఫున స్వదేశంలోని కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖకు చెందిన మదద్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫిర్యాదు నమోదుకు, కొత్త పాస్‌పోర్టు పొందుటకు అవసరపడే పాస్‌పోర్టు, వీసా నకళ్ళను ప్రయాణికులు ఒక ప్రతి తమ వద్ద, మరొకటి ఇంటివద్ద ఉంచవలసి ఉంటుంది.