దౌహృదం నుంచి ఫోలిక్ ఆమ్లం దాకా: చూలాలి ఆరోగ్యానికి ఒక చిన్న చరిత్ర



సంస్కృతంలో గర్భిణికి ‘దౌహృదిని’ అని ఒక పేరు. రెండు హృదయాలు గలది అని అర్థం. తనదొకటి, కడుపులోని శిశువుది ఒకటి. శిశువు కోరిక కూడా తల్లి నోటనే వెలువడుతుందని పూర్వుల విశ్వాసం. దోహదం అనే మాటను పండితులు దీనితోనే ముడిపెట్టారు. చూలాలి కోరిక దోహదం. అశోకం పూయడానికి తరుణి పాదతాడనం దోహదం. ఈనాడు మనం తోడ్పాటును దోహదం అంటున్నాము. ఒక గర్భిణి మనసులోని ఆశ నుంచి లోకంలోని సహాయమంతటికీ పేరు పుట్టిందన్న మాట!

ఈ ద్విహృదయ భావన కవుల కల్పన మాత్రమే కాదు, వైద్యశాస్త్రంలో ఉన్నదే. చరకసంహిత దీనిని మూడవ నెలలో చెప్పింది. సుశ్రుతసంహిత నాలుగవ నెలలో శిశుహృదయం వ్యక్తమవుతుందని చెప్పి, అప్పటి నుంచి తల్లి కోరికలు తీర్చాలన్నది. అంచు దాకా నూనె నింపిన పాత్రను తొణకకుండా మోసుకుపోయినట్లు గర్భిణిని కాపాడుకోవాలని చరకుని ఉపమానం. నెల నెలకూ ఆహారనియమం ఉంది. పాలు, వెన్న, నెయ్యి ప్రధానం; సుశ్రుతుడు నాలుగవ నెలలో జాంగలమాంసాన్ని కూడా చేర్చాడు. వర్జించవలసిన వాటిలో అతిశ్రమ, రాత్రి జాగరణలతో పాటు శోకమూ భయమూ ఉండడం గమనించదగినది. దేహానికీ మనసుకూ కలిపి పథ్యం చెప్పిన శాస్త్రమిది.

అయితే ఒక మెలిక ఉంది. కోరిక తీర్చకపోతే ఏమవుతుంది? గూని, కుంటి, మరుగుజ్జు బిడ్డ పుడతాడని సుశ్రుతం. అంటే తల్లి ఆశకు విలువ వచ్చినది చాలావరకు బిడ్డ కోసమే. పుంసవన సంస్కారం పుత్రుని కోసమే. రెండు హృదయాలలో మొదటి హృదయం మాటేమిటి?

ఈ ప్రశ్నతో మన పురాణేతిహాసాలను చూస్తే మూడు కథలు మూడు సమాధానాలు చెబుతాయి. భాగవతంలో ప్రహ్లాదుని తల్లిని ఇంద్రుడు చెరబట్టి తీసుకుపోతుంటే నారదుడు అడ్డుపడి విడిపించి, తన ఆశ్రమంలో భర్త వచ్చేదాకా ఉంచాడు. పోతన ఆమెను లీలావతి అన్నాడు. అక్కడ ఆమె విన్న తత్త్వబోధ గర్భస్థుడైన ప్రహ్లాదునికి పట్టుబడింది. మనం బోధనే తలచుకుంటాము. బోధకు ముందు ఆమెకు దొరికినది అభయం. భయం తీరిన తరువాతనే జ్ఞానం.

రెండవది అభిమన్యుని కథ. పద్మవ్యూహం గురించి అర్జునుడు చెబుతుండగా సుభద్ర నిద్రపోయిందనీ, అందువల్ల కడుపులోని బిడ్డకు నిర్గమనం తెలియలేదనీ జనశ్రుతి. వ్యాసభారతం ద్రోణపర్వంలో అభిమన్యుడు తండ్రి తనకు వ్యూహాన్ని ఛేదించడం నేర్పాడనే చెబుతాడు. తల్లి నిద్ర ప్రసక్తి అక్కడ లేదు. అలసిన చూలాలి కునుకుకు కొడుకు మరణాన్ని అంటగట్టినది తరువాతి లోకం. బిడ్డకు ఏమి జరిగినా తల్లినే తప్పుపట్టే అలవాటు మనలో ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది.

మూడవది సీత. ఉత్తరకాండలో రాముడు గర్భవతి అయిన సీతను నీ కోరిక ఏమిటని అడిగాడు. గంగాతీరంలోని మున్యాశ్రమాలను చూడాలన్నది ఆమె. ఆ కోరిక తీర్చే నెపంతోనే లక్ష్మణుడు ఆమెను రథమెక్కించి అడవిలో విడిచాడు. దోహదం తీరింది, దౌహృదిని గుండె పగిలింది. చూలాలికి శోకం కూడదన్న దేశంలోనే ఈ కథ పుట్టింది. వాల్మీకి ఆశ్రమంలోని మునిపత్నులే ఆమెను ఆదుకున్నారు.

ఇక కవిత్వం. రఘువంశం మూడవ సర్గలో గర్భవతి సుదక్షిణ ముఖం లొద్దుగపువ్వులా పాలిపోయింది. ఆమె మన్ను తిన్నది. ఆ మట్టివాసనను దిలీపుడు మురిపెంగా ఆఘ్రాణించాడు. పుట్టబోయేవాడు భూమినంతా అనుభవిస్తాడు కనుక తల్లికి ముందే మట్టిపై రుచి కలిగిందని కాళిదాసు ఉత్ప్రేక్ష. మన ప్రబంధకవులకు కూడా గర్భవతీవర్ణన అంటే పాలిన చెక్కిళ్ళు, మందగమనం, మృత్తికాభిలాష తప్పనిసరి. ఇది పాఠం చెబుతుండగా ఒక బాలిక లేచి “మా వదిన కూడా బలపాలు తింటుందండీ, ఎందుకండీ?” అని అడిగింది. కావ్యం చెప్పని జవాబు వైద్యం చెబుతుంది. మట్టి, బలపం, బొగ్గు, పచ్చిబియ్యం తినాలనిపించడం తరచుగా శరీరంలో ఇనుము తగ్గడంతో కలిసి కనిపించే లక్షణం. పాలిపోవడం రక్తహీనతకు గుర్తు కావచ్చు. కవి కన్ను నిశితమైనదే, చూసినది సత్యమే. చెప్పిన కారణం మాత్రం వేరు.

ఆ కారణాన్ని వెదికిన చరిత్రలో మన తెలుగునేలకు చోటుంది. పురుషవైద్యుని ముందుకు రావడానికి ఎందరో స్త్రీలు వెనుకాడి, పురుడు కష్టమైతే మంత్రసాని చేతిమీదే ప్రాణాలు వదిలే రోజులవి. 1883లో అమెరికా నుంచి అనా కుగ్లర్ అనే వైద్యురాలు గుంటూరు వచ్చింది. 1898లో అక్కడ స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి వెలసింది. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లవైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో ప్రాణాంతకమవుతున్న ఒక రక్తహీనతను పరిశోధించింది. మద్రాసులోనూ, కూనూరులోనూ కూడా పనిచేసింది. ఈస్టు నుంచి తీసే మార్మైట్ అనే చవకైన తినుబండారం ఆ జబ్బును నయం చేస్తుందని 1931లో ప్రకటించింది. జబ్బుకు మూలం తిండిలోని లోపమే! అందులోని పదార్థం ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో దానిని పాలకూర నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు.

1945లో ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థకు పరిశోధనాధిపతి మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, 1948లో న్యూయార్క్‌లో మరణించాడు. బొంబాయి మిల్లు కూలీల పాలిపోయిన ముఖాలతో మొదలైన అన్వేషణ ఒక తెలుగువాని పర్యవేక్షణలో మాత్రగా మారింది. 1991లో మరొక మేలు రుజువైంది. అంతకు ముందు వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందు నుంచే ఈ మాత్ర వాడితే, ఆ లోపం మళ్ళీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది. శిశువు వెన్నునాళం నాలుగు వారాలలోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ గడువు దాదాపు అయిపోతుంది. అందుకే ముందునుంచీ జాగ్రత్త. గూని బిడ్డ పుట్టడానికి తీరని కోరిక కారణమన్న పాతమాటను ఇలాంటి సత్యాల పక్కన పెట్టి చూడండి. తల్లి తిండికీ బిడ్డ అవయవాలకూ సంబంధం ఉందన్న ఊహ నిలిచింది. తల్లిపై మోపిన భయం తొలగింది.

మన దేశంలో రక్తహీనత నివారణ కార్యక్రమం 1970లో మొదలైంది. ఆ తరువాత అర్ధశతాబ్దానికి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ప్రభుత్వం ఇచ్చే ఐరన్, ఫోలిక్ మాత్రలు గర్భకాలంలో 180 రోజులు, పురుడయ్యాక 180 రోజులు వాడాలని నియమం. వికారమనో, మలబద్ధకమనో మానేసేవారు చాలామంది. అటువంటప్పుడు మానడం కాదు, వైద్యులతో చెప్పి మార్పించుకోవాలి.

సీమంతానికి గాజులు తొడుగుదాం, చలిమిడి పెడదాం, మంచి ఆచారమే. దానికి ముందే రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ 11కు తగ్గిందేమో చూద్దాం. అందరూ తిన్నాక మిగిలినది కాక ఆమెకు ముందుగా పెడదాం. ఆమెకు ఏది తినాలని ఉందో అడిగేవారు ఇంటినిండా ఉంటారు. నిద్ర పడుతున్నదా, ఏ దిగులైనా ఉన్నదా, పుట్టింటికి వెళ్ళాలని ఉన్నదా అని అడిగేవారు ఒక్కరైనా ఉండాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే అది కూడా వైద్యునికి చెప్పవలసిన విషయమే. రెండు హృదయాలని మన పూర్వులే అన్నారు. రెండవదాని కోసం మొదటిదాన్ని మరిచిపోకూడదు.

శుభం.