అయిరేనికుండలు — అమరావతి పూర్ణఘటము

మునేరును పాలేరును గృష్ణలోఁ గలియు మెట్టసీమ నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము. కృష్ణామండలమునఁ జిరకాలముండి, 2022వ సంవత్సరమున నీ సీమ యెన్టీఆర్ జిల్లాలోఁ జేరినది. చరిత్రకారులకిది శిలలవలననే పరిచితము. జగ్గయ్యపేటచెంతనున్న ధనబోడు దిబ్బను 1882లో జేమ్సు బర్జెసు పరిశోధించి, బౌద్ధస్తూపమును, మాంధాతృచక్రవర్తి ఫలకమును, ఇక్ష్వాకురాజగు శ్రీవీరపురుషదత్తుని 20వ యేఁటి శాసనములను లోకమునకుఁ దెలిపెను. ఆ శాసనములలో దాత రాజు కాఁడు. సిద్ధార్థుఁడను ఆవేసని, అనఁగాఁ బనివాఁడగు శిల్పి. అతఁడు తన తల్లితోను, భార్యతోను, బిడ్డలతోను గూడి వెలగిరి మహాచైత్యపుఁ దూర్పువాకిట నైదు ఆయకస్తంభములను నిలిపెను.

రాతిపనివాని పేరు రాతిపై నిలిచినది. మంటిపనివాని పేరు నిలుచుటకుఁ దావు లేదు. అయినను రాతిపైఁ గనఁబడు రూపములలోఁ గొన్ని మంటినుండి వచ్చినవే. వానిలోఁ బూర్ణఘటము ముఖ్యము.

కృష్ణకు దక్షిణతీరమునఁ గల అమరావతిలో దొరకిన యొక ఫలకము నిందుకు సాక్ష్యముగాఁ గొనవచ్చును. గుండ్రని కడుపు, సన్నని మెడ, వెలికి విచ్చిన యంచు గల పాత్రనుండి పద్మములు పొంగి వచ్చుచున్నవి. దానిపైని ప్రాకృతశాసనమే దానిని ‘పుణఘటకపట’ మని పేర్కొన్నది. దాత విధికుఁడను చర్మకారుఁడు; అతని తండ్రి నాగుఁ డుపాధ్యాయుఁడు. చర్మకారుని తండ్రి యుపాధ్యాయుఁ డగుట పాఠశాలలలోఁ దప్పక చెప్పఁదగిన విషయము.

ఆ ఘటముయొక్క కడుపును మెడయు నులివలనఁ బుట్టినవి కావు. సారెపైఁ దిరుగు మన్ను చేతి యొత్తిడికి గుండ్రనగును. పూర్తిగా నాఱకమునుపే లోపల రాతిగుండు నానించి వెలుపలఁ గొయ్యపలకతోఁ గొట్టఁగాఁ గడుపు పలుచనై పెరుఁగును. మెడ మాత్రము సారెపైఁ దీర్చినట్లే దళముగా నుండును. ఉక్కున కక్కఱలేని యీ యాకారమును శిల్పి కుమ్మరియొద్ద నెరవు తెచ్చుకొనెను. తరువాతిపని యగ్నిది. ఆఱిన కుండలను ఆవమునఁ బేర్చి, నడుమఁ గట్టెలును బిడకలును జొనిపి, గడ్డి కప్పి, పైని బురద పూయుదురు. గాలి యాడినచోఁ గుండ యెఱ్ఱనగును. పొగ లోన నణఁగినచో నల్లనగును. దక్షిణాపథమునందలి పెద్దరాళ్ల సమాధులలో దొరకు పాత్రలు లోపల నల్లగను వెలుపల నెఱ్ఱగను నుండుట, ఆ గాలిని ఆ పొగను వశపఱచుకొన్న నేర్పునకు గుఱుతు. పూఁతరంగు లేకయే రెండువన్నెలు!

ఇట్లు కాలిన కుండ యింటికి నగయై యొప్పునది పెండ్లినాఁడు. పెండ్లివారు మేళముతోఁ గుమ్మరియింటికిఁ బోయి, ఉల్లెడనీడను అయిరేనికుండలను దెత్తురు. సున్నము, జాజు, పసుపు మొదలగువానితోఁ జిత్రించిన యా కుండలను ఒకదానిపై నొకటిగా నిలిపి పూజింతురు. కొన్నిచోట్ల వీనినే యరివేణి యందురు. పెండ్లియందుఁ బూజింపఁబడు చిత్రపుఁగుండ లని నిఘంటువు చెప్పును. కాని సత్తును, ఉక్కును వంటయింటఁ జేరినపిమ్మట నా యర్థము చెప్పు పండితుఁడును విను బాలుఁడును గుండను జూడకయే మాటను నేర్చుకొనుచున్నారు.

అయిరేని పూర్ణఘటమునకు సంతతి యనుట తొందరపాటు. పూర్ణఘటము ఒంటిది, నీరును బద్మములును దానికిఁ బ్రాణము. అయిరేని పలుకుండల పేర్పు. రంగు దానికిఁ బ్రాణము. రెంటికిని బుట్టినిల్లు మాత్ర మొక్కటే, కుమ్మరి సారె. పూర్ణఘటము 2018లో ఆంధ్రప్రదేశ రాజచిహ్నమున నడుమఁ జేరి గౌరవము గాంచినది. అయిరేని కింకను జరిత్ర వ్రాయవలసియున్నది. నందిగామ, జగ్గయ్యపేట పల్లెలలో నే కులమువా రెన్ని కుండలు నిలుపుదురు, ఏ వరుసను నిలుపుదురు, ఏ చుక్క లేయే గీతలు పెట్టుదురు, ఏ పాట పాడుదురు అను సంగతులను ఆయా యూళ్ల పండితులు పెండ్లిపందిటిలోఁ గూర్చుండియే వ్రాసికొనవచ్చును. అమరావతి ఫలకములు చెన్నపట్టణమునను లండనులోను బ్రదర్శనశాలలయందు భద్రముగా నున్నవి. అయిరేనిపై రంగు కొలఁదినాళ్లకే రాలును. పగిలిన పెంకు పెరటిమంటిలోఁ గలియును.