రాత్రివేళ పట్టణ కేంద్రాల భద్రత – ఇల్లు చేరే దారికీ ప్రణాళిక అవసరం

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని వినగడప వంటి గ్రామాల ప్రజలు వైద్యానికి, వ్యాపారానికి, వినోదానికి వెళ్లే పట్టణాలలో తిరువూరు ఒకటి. 2011లో నగర పంచాయతీగా ఏర్పడి, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఈ పట్టణం 30వ నంబరు జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్నది. ఇటువంటి పట్టణాలలో పొద్దుగూకిన తరువాత సాగే టిఫిను బండ్లు, మందుల దుకాణాలు, రెండవ ఆట సినిమాలు, బస్టాండు వద్ద టీ కొట్లు, సరుకు దింపే హమాలీల పని, ఇవన్నీ కలిసినదే ప్రణాళికా నిపుణులు చెప్పే ‘రాత్రి ఆర్థిక వ్యవస్థ’. అది మహానగరాలకే పరిమితమైన విషయమనుకోవడం సరికాదు.

దుకాణాలు తెరిచే, మూసే వేళలను ఉమ్మడి రాష్ట్రంలో రూపొందిన 1988 నాటి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం నిర్దేశిస్తున్నది. అదే చట్టాన్ని అనుసరిస్తున్న తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో, ఏడాదికి రూ.10,000 రుసుము చెల్లించే సంస్థలు 24 గంటలూ తెరిచి ఉంచుకొనేందుకు వీలు కల్పించింది. రాత్రివేళ పనిచేసే మహిళల సమ్మతి తీసుకోవడం, వారికి రవాణా వసతి ఏర్పాటు చేయడం అందులోని షరతులు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా 2025 సెప్టెంబరులో ఈ చట్టానికి సవరణలను ఆమోదించి, రక్షణ ఏర్పాట్లతో మహిళల రాత్రి ఉద్యోగానికి మార్గం సుగమం చేసింది.

ఈ షరతులలో రవాణాకు సంబంధించినదే అత్యంత కీలకమైనది. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో సినిమా చూసి ఇంటికి బయలుదేరిన యువతి, 2019 నవంబరు 27న శంషాబాద్ సమీపంలో టోల్‌ప్లాజా వద్ద నిలిపిన తన వాహనం కోసం వచ్చిన యువ వైద్యురాలు, ఇద్దరూ ఇల్లు చేరవలసిన దారిలోనే దారుణానికి బలయ్యారు. కూడలిలో దీపాలు, కెమెరాలు ఎన్ని ఉన్నా, ఆ వెలుగు ముగిసిన చోట ఏమున్నదన్నదే అసలు ప్రశ్న. లండన్ నగరం 2016 ఆగస్టులో శుక్ర, శనివారాలలో రాత్రంతా భూగర్భ రైళ్లు నడపడం ప్రారంభించినది.

మన పట్టణాలకు ఆ స్థాయి ఏర్పాట్లు అవసరం లేదు. ఆర్టీసీ చివరి బస్సు వేళను దుకాణాలు మూసే వేళతోను, సినిమా ఆట ముగిసే వేళతోను సరిపోల్చి చూడడం మొదటి పని. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన ‘స్త్రీ శక్తి’ పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం లభిస్తున్నది. ఆ వేళకు బస్సు ఉన్నప్పుడే రాత్రి పని ముగించుకొనే మహిళకు దాని ఫలం అందుతుంది. దిగిన తరువాత ఊరిలోకి నడిచే దారి, వర్షాకాలంలో కట్టలేరు వాగు పొంగితే ఏర్పడే అడ్డంకి కూడా లెక్కలోకి రావాలి. పట్టణ ప్రణాళిక పటంలో ఇవి సాధారణంగా కనిపించవు, ఎందుకంటే ఆ పటం నగర పంచాయతీ సరిహద్దు వద్దనే ఆగిపోతుంది.

కెమెరాల విషయంలో 2013 నాటి ప్రజా భద్రత చర్యల అమలు చట్టం, జనం పెద్దసంఖ్యలో వచ్చే సంస్థలు వాటిని అమర్చుకొని దృశ్యాలను 30 రోజులపాటు భద్రపరచాలని నిర్దేశించింది. అయితే రాత్రి వీధిని కనిపెట్టి ఉండేది కెమెరా ఒక్కటే కాదు. మూసిన షట్టర్ల వరుస కంటె, ఒక ఇడ్లీ బండి వెలుగుతున్న మూల ఒంటరి ప్రయాణికురాలికి ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. కనుక బండ్లను ఆక్రమణలుగా మాత్రమే చూసి తొలగించే ముందు 2014 నాటి వీధి విక్రయదారుల చట్టాన్ని గమనించాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా విక్రయదారుల ప్రతినిధులు, వారిలో మూడవ వంతు మహిళలు ఉండాలని ఆ చట్టం పేర్కొంటున్నది. రాత్రి బండ్లకు చోటు, దీపం, నీరు, మరుగుదొడ్డి ఎక్కడ కల్పించాలో నిర్ణయించేందుకు తగిన వేదిక ఇదే.

సరిహద్దు పట్టణాలలో మరొక చిక్కు ఉన్నది. తిరువూరులో బస్సెక్కిన ప్రయాణికురాలికి ఆపద తెలంగాణ పరిధిలో ఎదురుకావచ్చు. సంఘటన ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు స్వీకరించాలన్న ‘జీరో ఎఫ్ఐఆర్’ విధానానికి 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షను కింద చట్టబద్ధత కల్పించింది. అత్యవసర సమయంలో 112కు, మహిళా సహాయవాణి 181కు ఫోన్ చేయవచ్చును.