వేదస్వరచిహ్నములు - కంప్యూటరు మీటలు

వ్రాఁతప్రతిని జూచి వేదము చదువువానిని శిక్షాకారు లధమపాఠకులలో లెక్కించిరి. అయినను నేఁడు స్వరసహితములగు వేదభాగములు కంప్యూటరునందే కూర్పఁబడి ముద్రితము లగుచున్నవి. కావున నీ చిహ్నము లా యంత్రములోని కెట్లు ప్రవేశించెనో విచారించుట మనకు ననుచితము గాదు.

స్వరమెంత ముఖ్యమో ఇంద్రశత్రుశబ్దమే చాటుచున్నది. తత్పురుష మగుచో నది యంతోదాత్తము. ఇంద్రుని జంపువాఁ డని యర్థము. బహువ్రీహి యగుచో నాద్యుదాత్తము; ఇంద్రుఁడే చంపువాఁడుగాఁ గలవాఁ డని యర్థము. త్వష్ట కోరినది మొదటిది, ఫలించినది రెండవది. పదమును విడిగాఁ గొన్నచోఁ దైత్తిరీయుల లేఖనమున మొదటి రూపమునకుఁ దొలి మూఁడక్షరముల క్రిందను అడ్డగీఁతలుండును. రెండవదానికి రెండవ యక్షరముపై నొక్క నిలువుగీఁత మాత్ర ముండును. వృత్రుని చావు బ్రదుకులకు లేఖనమున నింతియే భేదము.

ఇట్టి గీఁతలకుఁ దొలి యంత్రములలోఁ జోటు లేదు. 1874లో అమెరికాయందు విక్రయమునకు వచ్చిన రెమింగ్టను టైపురైటరు ఆంగ్లమునకై పుట్టినది. పిమ్మట ఐరోపాభాషలకై చేసిన యంత్రములందుఁ గదలని మీట యొకటి యేర్పడెను. దానిని నొక్కినచోఁ జిహ్నము పడును గాని కాగితము ముందునకు జరుగదు. తరువాత నొక్కిన యక్షర మా చిహ్నము క్రిందనే పడును. 1963 నాఁటి ఆస్కీసంకేతపట్టికలో స్థానములు 128 మాత్రమే. అందుఁ గొన్ని యంత్రనియమనమునకే చెల్లినవి. ఉదాత్తాదుల మాట యటుండ, ఫ్రెంచివారి యక్షరములకే యందుఁ దావు లేకపోయెను.

భారతీయలిపుల కుద్దేశింపఁబడిన ఇస్కీ 1991లో ప్రమాణముగా నంగీకృతమయ్యెను. ఆ యేఁడే యూనికోడు తొలికూర్పు వెలువడెను. దాని దేవనాగరిపట్టికలో మీఁది నిలువుగీఁతకు 0951 అనియు, క్రింది యడ్డగీఁతకు 0952 అనియు సంఖ్యలు గలవు. రెండవదానికి అనుదాత్త మని పేరు పెట్టుట సరియే. మొదటిదానికో ఉదాత్త మని పేరిడిరి! ఋగ్వేదమునను తైత్తిరీయమునను ఉదాత్తమునకు గుర్తే లేదు. ఆ నిలువుగీఁత స్వరితమునకుఁ జెందినది. మైత్రాయణీయులును కాఠకులును దానితో నుదాత్తమును సూచింతురు గనుక పేరు కేవలము నిరాధార మనరాదు. అయినను బహుళప్రయోగమును విడిచి విరళప్రయోగమునుబట్టి సంజ్ఞ చేయుట యే శాస్త్రమునకును సమ్మతము గాదు. ఒకసారి యిడిన పేరు మార్పరా దని యూనికోడువారి నియమము. అందుచే నా పేరటులే నిలిచి, స్వరితమునకే తఱచుగా వాడఁబడు నని పట్టికలో వివరణమాత్రము చేరినది. వార్తికముచే సూత్రమును సవరించుట మనకుఁ గ్రొత్తగాదు.

తైత్తిరీయపాఠముల దీర్ఘస్వరితమునకుఁ గావలసిన జంటగీఁత 2009లో, 5.2వ కూర్పున, 1సీడీఏ అను సంఖ్యతో వచ్చినది. సామగానపు టంకెగుర్తులును అప్పుడే చేరినవి. తెలుఁగుపట్టికలో వేఱుగా స్వరచిహ్నములు లేవు. పేరు దేవనాగరిదైనను నా చిహ్నములు సర్వలిపిసాధారణములు. తెలుఁగక్షరముపైఁ బెట్టినను చెల్లును.

సామాన్యమగు కీబోర్డుతో వీనిని వ్రాయు నుపాయము కష్టము గాదు. మైక్రోసాఫ్టువారి వర్డునందు అక్షరము తరువాత 0951 అని వ్రాసి, ఆల్టుమీటను పట్టి ఎక్సును నొక్కినచో నంకెలు పోయి గీఁత నిలుచును. క్రమము మాత్రము గుర్తుంచుకొనవలెను. టైపురైటరున ముందు చిహ్నము, పిదప నక్షరము. ఇచట ముందక్షరము, పిదపఁ జిహ్నము. ధర్మి లేక ధర్మము నిలువదను న్యాయ మీ యంత్రమునకుఁ దెలిసినట్లున్నది. గుణింతపు గుర్తుకంటె ముందు స్వరచిహ్నము పడెనేని పెక్కుచోట్లఁ జుక్కలవలయము కనఁబడి తప్పును బయలుపెట్టును. గీఁతకు బదులు చూపునకుఁ బోలిన యాంగ్లపుఁ గొమ్మును బెట్టిన ప్రతులు మాత్ర మట్లు పట్టువడవు. కంటికి సరిగానే యుండును గాని పదమును వెదకునప్పుడు యంత్రము దానిని స్వరముగా గుర్తింపదు.