పృచ్ఛకుడి చేతిలో కథ

వీడియో గేములో రెండు అధికారాలు ఎదురెదురుగా నిలుస్తాయి: కథ ఎటు నడవాలో ముందే నిర్ణయించుకున్న కథకుడి అధికారం ఒకటి, తన అడుగు ఎటు పడాలో తానే తేల్చుకోదలచిన ఆటగాడి అధికారం మరొకటి. ప్రయోగాత్మక గేములు, అంటే గెలుపోటములకన్నా ఆట స్వభావాన్ని పరీక్షించడమే ధ్యేయంగా పెట్టుకున్నవి, గత రెండు దశాబ్దాలుగా ఈ తగవునే తమ వస్తువుగా స్వీకరించాయి. అయితే ఇది కంప్యూటరుతో పుట్టిన తగవు కాదు. తెలుగువారి ఆటలలోనూ సాహిత్య సభలలోనూ దానికి పాత చరిత్ర ఉంది, ఆ చరిత్రను పక్కన పెడితే కొత్త ఆటలు ఏం సాధించాయో సరిగా తూచలేము.

ముందుగా పోలిక కోసం తెలుగు నేల దాటి చూస్తే, చూసేవారికి ఏ ఎంపికా లేని కథనానికి జంషెడ్‌పూర్ పక్కన చక్కని ఉదాహరణ దొరుకుతుంది. అక్కడి సరాయికేలా-ఖర్సావా జిల్లాలో చైత్ర పర్వం రోజుల్లో జరిగే ఛౌ నృత్యంలో నర్తకుడు ముఖానికి మాస్కు ధరించి, మాట పలకకుండా, నడకతోనూ మెడ వంపుతోనూ కథ చెబుతాడు. 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ కళను చూసేవారు కథను ఊహించుకోగలరు గాని మార్చలేరు.

పరమపద సోపాన పటమని కూడా పిలిచే వైకుంఠపాళి, చూసేవారి చేతికి గవ్వలు అందించింది. కింది గడులలో జంతుజన్మలు, పైన దేవలోకాలు, శిఖరాన వైకుంఠం ఉండే ఆ పటంలో నిచ్చెనలు భక్తి, జ్ఞానం వంటి సుగుణాల పేర్లతోనూ, పాములు దుర్గుణాల పేర్లతోనో పురాణాలలోని రాక్షసుల పేర్లతోనో ఉంటాయి. వైకుంఠ ఏకాదశి జాగరణలో ఆడేవారికి ఒక్కొక్క కాయ ప్రయాణం ఒక్కొక్క జీవుడి కథ అవుతుంది. కాని గవ్వ ఎలా పడితే అలా జరగాల్సిందే, పాము నోట పడకుండా తప్పుకునే దారి లేదు. సుగుణాన్ని ఎంచుకొమ్మని బోధించే ఆట ఆ ఎంపికను మాత్రం ఆటగాడికి ఇవ్వలేదన్నది గమనించవలసిన విషయం. 19వ శతాబ్దం చివర ఇంగ్లండు చేరి, కాలక్రమేణా గడులలోని పేర్లను పోగొట్టుకుని, అంకెలు మాత్రమే మిగిలిన పాములూ నిచ్చెనల ఆటగా మారినప్పుడు అందులో కథ కూడా మిగలలేదు.

ఎంపికను నిజంగా ఎదుటివారి చేతిలో పెట్టినది అవధానం. 19వ శతాబ్దంలో మాడభూషి వేంకటాచార్యుల వంటివారు ప్రతిష్ఠ తెచ్చిన ఈ ప్రక్రియను దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) జంటగా సంస్థానాలలోనూ పట్టణాలలోనూ ప్రదర్శించి జనం కళగా మార్చారు. అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిదిమందిని పృచ్ఛకులు అంటారు. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు అర్థం కుదరని, ఒక్కోసారి అనుచితంగా తోచే పద్యపాదాన్ని ఇస్తాడు. అది సహజంగా, న్యాయంగా వినిపించే సందర్భాన్ని అవధాని అప్పటికప్పుడు సృష్టించి పద్యం పూర్తి చేయాలి. దత్తపదిలో ఒకదానికొకటి పొసగని నాలుగు మాటలిచ్చి, వాటితో భారత ఘట్టాన్నో రామాయణ ఘట్టాన్నో చెప్పమంటారు. నిషిద్ధాక్షరి మరీ కఠినం: అవధాని పలికే ప్రతి అక్షరం తరువాత, రాబోయేది ఏదై ఉంటుందో ఊహించి పృచ్ఛకుడు ఆ అక్షరాన్ని నిషేధిస్తాడు, అవధాని వెంటనే మరో దారి వెతుక్కుంటాడు. ఇవన్నీ నడుస్తుండగా అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో ధ్యానం చెడగొడుతూనే ఉంటాడు. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, పద్యానికి ఒక్కో పాదం చొప్పున పూర్తిచేసి, చివరకు అన్ని పద్యాలనూ వరుసగా అప్పగించడాన్ని ధారణ అంటారు. ఇక్కడ అడ్డు వేసే స్వేచ్ఛ ఒకరిది, ఆ అడ్డును కథలో కలుపుకునే బాధ్యత మరొకరిది. ఈ పని విభజనలోనే అవధానపు గొప్పతనమంతా ఉంది.

కంప్యూటరు ఆటకు ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే ఆట సాగే సమయానికి దాని రచయిత అక్కడ ఉండడు. 1976లో విల్ క్రౌథర్ కెంటకీలోని గుహల అనుభవంతో రాసిన, మరుసటి ఏడాది డాన్ వుడ్స్ విస్తరించిన 'అడ్వెంచర్'లో ఆటగాడు ఒకటి రెండు మాటల ఆజ్ఞలు టైపు చేసి గుహలో తిరిగేవాడు. రచయిత ఊహించని మాట టైపు చేస్తే యంత్రం అర్థం కాలేదని చెప్పి ఊరుకునేది. ప్రతి చోటా రెండు దారులు పెట్టి, పది చోట్ల ఎంచుకొమ్మంటే 1,024 కథలు రాయవలసి వస్తుంది కనుక, విడిపోయిన శాఖలను కొంతదూరం తరువాత మళ్లీ ఒకే దారిలో కలపడం ఈ వృత్తిలో ఆనవాయితీ అయింది. మైకేల్ మాటియస్, ఆండ్రూ స్టెర్న్ 2005లో విడుదల చేసిన 'ఫసాడ్' ఆ ఆనవాయితీని దాటాలని చూసింది: కలహిస్తున్న దంపతుల ఇంటికి అతిథిగా వెళ్లిన ఆటగాడు తోచిన మాట టైపు చేస్తే, దానికి తగినట్లు తరువాతి సన్నివేశాన్ని ఎన్నుకునే నాటక నిర్వాహకుడు వంటి ప్రోగ్రామును వారు నిర్మించారు. ఆ ప్రోగ్రాము మాటలను పలుమార్లు పొరబడినా, ఆ సాహసం మెచ్చుకోదగినది.

డేవీ రెడెన్ 2011లో మరో గేముకు మార్పుగా చేసి, 2013లో విలియం ప్యూతో కలిసి స్వతంత్ర గేముగా తెచ్చిన 'ది స్టాన్లీ పారబుల్' అవధానానికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా వచ్చింది. ఖాళీ అయిపోయిన ఆఫీసులో రెండు తెరచిన తలుపుల ముందు స్టాన్లీ అనే ఉద్యోగి నిలబడగా, అతడు ఎడమ తలుపులోంచి వెళ్లాడని కథకుడి గొంతు జరిగిపోయిన విషయంలా చెబుతుంది. ఆటగాడు కుడి తలుపులోంచి వెళితే కథకుడు తడబడి, విశ్రాంతి గదిని ఒకసారి చూడాలనుకున్నాడేమోనని ఓ కారణం అల్లి, కథను దారిలో పెట్టబోతాడు. అది అచ్చంగా సమస్యాపూరణమే. ఇంకా ఎదిరిస్తే అతడు బతిమాలతాడు, కోప్పడతాడు. చెప్పినట్లు వింటే స్వేచ్ఛ లభించిందని ప్రకటిస్తాడు. కాని ఆ పూరణాలన్నీ ముందే రికార్డు చేసిపెట్టినవి, ఆ కథకుడికి ఎదుటివాడు వేసే అడ్డులన్నీ ముందే తెలుసు. అవధానసభ చివర ధారణలో పృచ్ఛకుడు తాను ఇచ్చిన సమస్యను మరొకరి పద్యంలో పూర్తయిన రూపంలో వింటాడు. స్టాన్లీ కథ ఎన్ని రకాలుగా ముగిసినా, ఆటగాడు చాలాసార్లు మొదటి గదిలోనే, ఏమీ జరగనట్లుగా, మళ్లీ కళ్లు తెరుస్తాడు.