వంగిన మీనార్, ముప్పై ఏళ్ల కర్జ్

మా పెద్దమ్మాయి కెనడాలో, మాంట్రియల్ షహర్‌లో ఉంటుంది. మేము వెళ్లినప్పుడు ఒకరోజు మెట్రోలో ఒలింపిక్ స్టేడియం చూపించడానికి తీసుకెళ్లింది. పెద్ద కాంక్రీటు గిన్నె బోర్లించినట్టు ఉంది. దాని పక్కనే 165 మీటర్ల మీనార్ ఒకటి గిన్నెలోకి తొంగిచూస్తున్నట్టు వంగి ఉంది. నేను నోరు తెరిచి చూస్తుంటే అమ్మాయి నవ్వింది. "అబ్బా, దీని అప్పు నేను పుట్టకముందు మొదలైంది. నా పెళ్లయ్యాక తీరింది" అంది.

ఆ మాట విని నాకు మా అబ్బా గుర్తొచ్చారు. ఆయన ఒక దోస్త్ లారీ కొనుక్కుంటే జామీను సంతకం పెట్టారు. దోస్త్ కిస్తీలు కట్టలేదు. ఆ లారీని మేము ఒక్కసారి కూడా ఎక్కలేదు గానీ దాని బాకీ మా ఇంట్లో పదేళ్లు కూర్చుంది. అమ్మీ గాజులు పోయాయి, అన్నయ్య చదువు ఆగింది. అందుకే ఎక్కడ పెద్ద తామీర్ చూసినా, ఎవరు కట్టారు అన్నదాని కన్నా జామీను ఎవరిది అన్నదే నాకు ముందు తోస్తుంది. ఇంటికొచ్చాక ఈ స్టేడియం తారీఖ్ చదివాను. అదే మీతో పంచుకుంటున్నాను.

1970 మేలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన సమావేశంలో 1976 ఒలింపిక్స్ మాంట్రియల్‌కు దక్కాయి. పోటీలో ఉన్న మాస్కో, లాస్ ఏంజెలెస్ ఓడిపోయాయి. అప్పటి మేయర్ జాన్ డ్రాపో మామూలు మనిషి కాదు. 1966లో షహర్‌కు మెట్రో తెచ్చాడు, 1967లో ప్రపంచ ప్రదర్శన జరిపి దునియాను తన వాకిట్లోకి రప్పించాడు. అలాంటివాడు చెబితే అవామ్ నమ్మింది. ప్యారిస్‌లో ఫుట్‌బాల్ స్టేడియం కట్టిన ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ రోజే తాయిబేర్‌ను, పోటీ ఏమీ పెట్టకుండా, తానే ఎంచుకున్నాడు.

ఖర్చు ఎంత అని అడిగితే 1973లో 31 కోట్ల కెనడా డాలర్లు అని హిసాబ్ చూపించారు. లాటరీ టికెట్లు, ఒలింపిక్ నాణేలు, తపాలా బిళ్లలు అమ్మి రాబడతాం, ఖజానా మీద బోఝ్ పడదు అన్నారు. మగవాడికి కాన్పు ఎలా అసాధ్యమో ఈ ఒలింపిక్స్‌కు నష్టం రావడం కూడా అంతే అసాధ్యమని మేయర్ సాబ్ భరోసా ఇచ్చాడు. తర్వాత లెక్కలు బయటపడ్డాక అక్కడి కార్టూనిస్టు ఒకాయన ఆ మేయర్‌నే నిండు కడుపుతో గీశాడు. ఆ కార్టూన్ ఇప్పటికీ అక్కడివాళ్లు మరచిపోలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. దేశ ప్రధాని పియేర్ ట్రుడో ముందే చేతులు కడుక్కున్నాడు. నష్టం వస్తే కేంద్రాన్ని అడగకూడదని క్యుబెక్ రాష్ట్ర హుకూమత్ దగ్గర హామీ తీసుకున్నాడు. అంటే వాదా చేసింది మేయర్, జామీను పడింది రాష్ట్రం. రాష్ట్రం అంటే ఎవరు? సంతకం పెట్టిన రోజు ఆ గదిలో లేని జనం.

తామీర్ మొదలయ్యాక అసలు కథ తెలిసింది. తాయిబేర్ గీసిన నక్షా చూడ్డానికి అందం, కట్టడానికి మహా కష్టం. ఎక్కడికక్కడ వంపులు, భారీ కాంక్రీటు ముక్కలు. 1973 చమురు సంక్షోభంతో ధరలు పెరిగాయి. కార్మికుల సమ్మెలు వచ్చాయి. పైగా అక్కడి చలి. ఇవన్నీ ఒక ఎత్తు, తారీఖు ఒక ఎత్తు. షాదీ ముహూర్తం పెట్టుకుని ఇల్లు కట్టేవాడితో మేస్త్రీ ఎలా బేరమాడతాడో మనకు తెలుసు. మెహమాన్లు వచ్చే రోజు కదలదు కాబట్టి అడిగినంతా ఇవ్వాల్సిందే. 1975 నవంబరులో రాష్ట్ర హుకూమత్ మేయర్ చేతిలోంచి పని లాక్కుని ఒక కొత్త సంస్థకు అప్పగించింది.

1976 జులై 17న ఆటలు మొదలయ్యాయి. మీనార్ మాత్రం సగంలోనే ఆగి ఉంది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మన హాకీ జట్టు ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది. 1928 నుంచి ప్రతిసారీ పతకం తెచ్చినవాళ్లు మొదటిసారి ఖాళీ చేతులతో వచ్చారు. మన ఇళ్లలో మాంట్రియల్ పేరు వింటే గుర్తొచ్చే బాధ అదొక్కటే. ఆతిథ్యం ఇచ్చిన కెనడాకు కూడా ఒక్క బంగారు పతకం రాలేదు.

రెండు వారాల జష్న్ అయిపోయింది. మిగిలింది సుమారు 100 కోట్ల డాలర్ల కర్జ్. షహర్ వంతు ఇళ్ల యజమానుల పన్నులోంచి, రాష్ట్రం వంతు సిగరెట్ల మీద వేసిన ప్రత్యేక పన్నులోంచి కడుతూ వచ్చారు. ఆ బాకీ 2006 నవంబరులో తీరింది. వడ్డీలు, మరమ్మతులు కలిపితే మొత్తం దాదాపు 150 కోట్ల డాలర్లు. స్టేడియం గడప తొక్కని ఫ్యాక్టరీ కూలీ కూడా సిగరెట్ పెట్టె కొన్నప్పుడల్లా ఆ బాకీలో ఇంత జమ చేశాడు. పొగ మానండి అని చెప్పే సర్కారుకే ముప్పై ఏళ్లు పొగ వసూలు అవసరమైంది.

దర్యాప్తు జరగలేదా అంటే జరిగింది. న్యాయమూర్తి మలూఫ్ కమిషన్ 1980లో రిపోర్టు ఇచ్చి, ప్రధాన బాధ్యత మేయర్‌దే అని తేల్చింది. అయినా డ్రాపో 1978లోనూ 1982లోనూ మళ్లీ గెలిచాడు. షాన్ ఒకరి పేరు మీద వస్తుంది, బిల్లు పేరు లేకుండా వస్తుంది. అందుకే జనం మొదటిదాన్ని గుర్తుపెట్టుకుంటారు.

మీనార్ 1987లో పూర్తయింది, దాంతోపాటే పైకప్పు కూడా బిగించారు. అది చిరిగిపోయింది. 1991లో 55 టన్నుల కాంక్రీటు దూలం ఊడిపడింది, అల్లా దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. 1998లో కొత్త కప్పు వేస్తే మరుసటి జనవరిలోనే మంచు బరువుకు చిరిగింది. అక్కడ ఆడే బేస్‌బాల్ జట్టు 2004లో ఊరొదిలి వాషింగ్టన్‌కు వెళ్లిపోయింది. 2024లో మరో కప్పుకు 87 కోట్ల డాలర్లు మంజూరు చేశారు. కూల్చేయొచ్చు కదా అంటే దానికి 200 కోట్లు అవుతుందని మంత్రి చెప్పారు. ఉంచుకున్నా ఖర్చే, పడగొట్టినా ఖర్చే.

ఇది తప్పనిసరి తఖ్దీర్ కాదు. మాంట్రియల్ గతి చూసి 1984 ఆటలకు చివరికి లాస్ ఏంజెలెస్ ఒక్కటే ముందుకొచ్చింది. అక్కడి అవామ్ 1978లో ఓటు వేసి మరీ, తిరిగిరాని నగర సొమ్ము ఆటలకు పెట్టొద్దని కట్టడి చేసింది. నిర్వాహకులు 1932 నాటి ఆటలు జరిగిన పాత స్టేడియాన్నే వాడుకుని 20 కోట్ల డాలర్లకు పైగా మిగిల్చారు. తేడా తెలివిలో లేదు. జామీను ఇవ్వం అని జనం ముందే అన్నారు, అంతే.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ స్టేడియం ఉత్త దండగేమీ కాదు. ఈతకొలనులో పిల్లలు ఈదుతున్నారు. సైకిల్ పందేల భవనం 1992 నుంచి జంతువులు, మొక్కల ప్రదర్శనశాల అయింది. 2017లో అమెరికా సరిహద్దు దాటి పనాహ్ కోరి వచ్చినవాళ్లకు, అందులో హైతీ కుటుంబాలే ఎక్కువ, ఆ స్టేడియంలోనే మంచాలు వేసి చోటిచ్చారు. ఆ సంగతి తెలిశాక ఆ కట్టడం మీద నాకు కోపం పోయింది. కోపమంతా సంతకం మీదే మిగిలింది.

మన ఊళ్లలోనూ స్టేడియాలకు, కొత్త షహర్లకు శంకుస్థాపనలు జరుగుతుంటాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, చప్పట్లు కొట్టండి, ఖుషీగా ఉండండి. కానీ రాయి వేసే రోజునే అడగండి: లెక్క తప్పితే కట్టేదెవరు? మా అబ్బా ఆ సంతకం పెట్టే రోజు అమ్మీ ఈ సవాలే అడిగింది. దోస్త్ ఇజ్జత్ ముందు లెక్కలేంటని ఆయన నవ్వేశారు. ఆ లారీ నంబరు నాకు ఇప్పటికీ గుర్తుంది.