నొసటి చర్మము, నూతన నాసిక

తీరని పరాభవమును చెప్పవలసి వచ్చినపుడు తెలుగువాడు ముక్కుచెవులు కోసి పంపుటను గూర్చి మాటలాడును. ఆ పలుకుబడికి శూర్పణఖ కథ యొక్కటియే ఆధారము కాదు. పూర్వపు రాజ్యములలో నాసికాచ్ఛేదము నిజముగా అమలు జరిగిన దండనము; చేయి తెగినవానిని జాలితో చూచు లోకము ముక్కు లేనివానిని చూచి మొగము త్రిప్పుకొనెడిది. అట్టి దండన మున్న దేశముననే పోయిన ముక్కును మరల నిలుపు విద్యయు వర్ధిల్లినది.

ముక్కు ప్రమాణమునకు సరియైన ఆకు నొకదానిని తెచ్చి, ఆ కొలతకు చెంపనుండి చర్మమును కోసి, ముక్కు మొదలు గీరి, దానిపై అతికించి కట్టవలెననియు, ఊపిరి యాడుటకు రెండు గొట్టములను నిలుపవలెననియు, అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని దూది కప్పి, నువ్వులనూనెతో మాటిమాటికి తడుపవలెననియు సుశ్రుతసంహిత విధించినది. ఇంత సూక్ష్మమైన విధి గ్రంథస్థమైన దేశమున, 18వ శతాబ్ది చివర ఆ శస్త్రకర్మను చేయుచు మనకు కానవచ్చువాడు ఇటుకలు చేయు కులమునకు చెందిన పనివాడు.

ఆ వృత్తాంతము 1794 అక్టోబరున లండనులోని జెంటిల్మన్స్ మాగజైను ప్రకటించిన యొక లేఖలో నున్నది. కవాస్జీ యను మహారాష్ట్రుడు 1792 నాటి యుద్ధమున ఆంగ్లసేనకు ఎడ్లు తోలుచు టిప్పు సుల్తానుకు బందీయై, ముక్కును ఒక చేతిని పోగొట్టుకొనెను. పండ్రెండు నెలలు ఆ మొగముతోనే బ్రతికిన పిమ్మట పూనా సమీపమున ఈ పనివానిని ఆశ్రయించెను. థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే యను బొంబాయి వైద్యు లిరువురు ఆ చికిత్సను కన్నులార చూచిరి.

పనివాడు మొదట పలుచని మైనపురేకును తెగిన ముక్కుపై ఒత్తి రూపు తెచ్చి, పిదప దానిని చదును చేసి నొసట పరచి, అంచు వెంబడి గీత గీచెను. ఆ గీత వెంట చర్మమును ఒలిచెను గాని, కన్నుల నడుమ సన్నని పట్టీ నొకదానిని మాత్రము తెంపక విడిచెను. క్రొత్త ముక్కు తన చోట నతుకుకొనువరకు దానికి నెత్తురు అందు త్రోవ అదియే. ఆ విద్యయొక్క సారమంతయు ఈ జాగ్రత్తలో నున్నదని నాకు తోచుచున్నది. అటుపిమ్మట పాత మచ్చను చెక్కి, చుట్టును గాటు పెట్టి, నొసటి చర్మమును అరచుట్టు త్రిప్పి దింపి ఆ గాటులో పొందుపరచెను. కుట్లకు బదులు, మనము తాంబూలమున వేసికొను కాచును నీటితో మెత్తపరచి గుడ్డపీలికలకు పూసి, ఐదారింటిని ఒకదానిపై నొకటిగా అతికించెను. నాలుగు దినములు గడచిన మీదట నేతిలో తడిపిన గుడ్డలు వేసిరి. రోగి ఐదారు దినములు వెల్లకిల పరుండవలెను. పదవనాడు నాసారంధ్రములు పూడిపోకుండ మెత్తని గుడ్డముక్కలు చొనుపవలెను. సుమారు 25వ నాడు ఆ పట్టీని తెంపిరి. నేటి మత్తుమందులు లేని కాలమున కవాస్జీ ఆ బాధ నెట్లు భరించెనో తలచుకొన్న ఒడలు జలదరించును.

ఆ లేఖలో రోగి పేరున్నది; చేసినవాని పేరు లేదు. ఈ లోపము నన్ను బాధించుచున్నది.

ఈ పద్ధతిని పరిశీలించి, చిరకాలము మృతదేహములపై సాధన చేసిన జోసెఫ్ కార్ప్యూ 1814 అక్టోబరున లండనులో ఒక సైనికాధికారికి నొసటి చర్మముతో ముక్కు నిలిపి, 1816లో దానిని గ్రంథముగా ప్రకటించెను. రెండేండ్లకు జర్మనీలో గ్రేఫె ‘రైనోప్లాస్టిక్’ అను గ్రంథమును వెలువరించెను. నేటికిని ఈ విధమున ముక్కు కట్టు శస్త్రవైద్యులు కనుబొమల నడుమనున్న ఆ నెత్తుటి త్రోవను ఇంచుమించు మూడు వారములు తెంపక కాచియుందురు.